పాత టీవీఎస్ కీబోర్డు, కొత్త ల్యాప్‌టాప్, మధ్యలో నాలుగు తీగలు

కీబోర్డు వైరు చివర బొటనవేలంత లావున గుండ్రటి ప్లగ్గు. అందులో అర్ధచంద్రాకారంలో ఐదు పిన్నులు. నా ల్యాప్‌టాప్‌కి ఉన్నవేమో రెండు సీ-టైప్ పోర్టులు, ఒక మామూలు యూఎస్‌బీ.

తెనాలిలో మా బాబాయి డీటీపీ సెంటరు మూసేస్తూ, "పాత సామాన్లవాడు వస్తున్నాడమ్మా, నీకేమన్నా కావాలా?" అని ఫోన్ చేశాడు. "కీబోర్డు ఉంచు బాబాయ్" అన్నాను. "ఆ దిమ్మ దేనికే తల్లీ?" అని నవ్వాడు గానీ, పాత టవల్లో చుట్టి బస్సులో పార్శిల్ వేశాడు.

అది టీవీఎస్ గోల్డ్. బ్యాంకు కౌంటర్లో, టికెట్ల కౌంటర్లో టకటకమని మోగే ఆ కీబోర్డు చప్పుడు మీరూ వినే ఉంటారు. పెళ్లి శుభలేఖల నుంచి ఎన్నికల కరపత్రాల దాకా దాని మీద కొట్టినవే. కీ మీది టోపీ లాగి చూస్తే కింద నీలం రంగులో ప్లస్ గుర్తు కనిపిస్తుంది, చెర్రీ కంపెనీ బ్లూ స్విచ్. కీ అడుగుదాకా దిగక ముందే, రెండు మిల్లీమీటర్లు దాటగానే టక్కుమని చెబుతుంది నొక్కడం అయిందని. రోజంతా అనువాదాలు, సబ్‌టైటిళ్లు తెలుగులో టైపు చేసే నాకు ల్యాప్‌టాప్ పలక కీల మీద వేళ్లు నొప్పి పుడుతున్నాయి. యూఎస్‌బీ వైరుతో కొత్త గోల్డ్ కొనొచ్చు కదా అని మా ఆయన అడిగాడు. కొనొచ్చు. కానీ ఇంత బాగున్న స్విచ్‌లను కేవలం ప్లగ్గు సరిపడలేదని పారేయడం నాకు నచ్చలేదు.

ముందు తెలుసుకోవాల్సింది ఆ ప్లగ్గు గురించే. 1981లో ఐబీఎం మొదటి పీసీ కీబోర్డు ఒకవైపే మాట్లాడేది. ఏ కీ నొక్కారో కంప్యూటర్‌కి చెప్పేది, తిరిగి ఏమీ వినేది కాదు. 1984లో పీసీ ఏటీ వచ్చాక మాటలు రెండువైపులా మొదలయ్యాయి, సంకేతాలూ మారాయి. ప్లగ్గు మాత్రం అదే ఐదు పిన్నుల గుండ్రటిది, దాని పేరు డిన్. 1987లో పీఎస్/2 మోడళ్లతో ప్లగ్గు చిన్నదై ఆరు పిన్నులదైంది, సంకేతాలు మాత్రం ఏటీవే. అంటే ప్లగ్గు ఆకారం చూసి లోపలి సంగతి చెప్పలేం. డిన్ ప్లగ్గు ఉన్నది ఒకవైపే మాట్లాడే పాత రకం, అంటే ఎక్స్‌టీ అయినా కావచ్చు, ఏటీ రకమైనా కావచ్చు. కొన్ని కీబోర్డుల అడుగున ఆ రెండింటినీ మార్చుకునే చిన్న స్విచ్ ఉంటుంది. నాదాంట్లో లేదు. అయితే కుడివైపు పైన నమ్ లాక్, క్యాప్స్ లాక్, స్క్రోల్ లాక్ లైట్లు మూడున్నాయి. వాటిని వెలిగించమని, ఆర్పమని చెప్పేది కంప్యూటరే కాబట్టి, ఇది వినగలిగే రకం, ఏటీ, అని దాదాపుగా తేల్చుకోవచ్చు.

ఏటీ అయితే సగం పని సులువు. డిన్ నుంచి పీఎస్/2కి మార్చే చిన్న అడాప్టర్‌లో ఏ చిప్పూ అక్కర్లేదు, నాలుగు తీగలు అటువి ఇటు కలిపితే చాలు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో, ఒక పాత సామాన్ల షాపులో, అట్టపెట్టె అడుగున వెతికి ఇచ్చారు. మా అపార్ట్‌మెంట్ కింద జిరాక్స్ షాపులో పీఎస్/2 పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్ ఉంది. ఆ అబ్బాయిని బతిమాలి, కంప్యూటర్ పూర్తిగా ఆపించి, అప్పుడు తగిలించాను. పీఎస్/2 పోర్టు యూఎస్‌బీలాగా నడుస్తుండగా పెట్టి పీకడానికి చేసింది కాదు. అలా పెడితే చాలాసార్లు కీబోర్డును గుర్తించదు, ఒక్కోసారి బోర్డే దెబ్బతింటుంది. ఆన్ చేయగానే మూడు లైట్లూ ఒకసారి మెరిసి ఆరాయి. కీబోర్డు తనను తాను పరీక్షించుకుని బాగానే ఉన్నానని చెప్పడం అది. నోట్‌ప్యాడ్‌లో అక్షరాలు పడ్డాయి.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఈ పరీక్ష గురించే. పాత కంప్యూటర్ మీద ఒకసారి చూసుకోకుండా ముందుకెళ్తే, తర్వాత ఏది పనిచేయకపోయినా తప్పు కీబోర్డుదా, మనం మధ్యలో పెట్టినదానిదా తెలీక బుర్ర వేడెక్కిపోతుంది.

ఇక పీఎస్/2 నుంచి యూఎస్‌బీకి. మౌసులతో, కీబోర్డులతో ఉచితంగా వచ్చిన, ప్లగ్గు ఆకారం మాత్రం మార్చే ఆకుపచ్చ, ఊదారంగు ముక్కలు చాలా ఇళ్లల్లో డ్రాయర్లలో పడి ఉంటాయి. వాటితో పని జరగదు. నేను పెట్టి చూశాను. లైట్లు మెరిశాయి, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఐదు వోల్టుల కరెంటు అందింది గనక మెరిశాయి, అంతే. ఆ ముక్కలు రెండు పద్ధతులూ తెలిసిన కీబోర్డుల కోసం చేసినవి. అలాంటి కీబోర్డు ఏ పోర్టులో ఉన్నానో గమనించి తనే పద్ధతి మార్చుకుంటుంది. మా బాబాయి కీబోర్డు తయారైనప్పుడు యూఎస్‌బీ అనేదే వాడుకలో లేదు.

రెండు పద్ధతులకీ తేడా చాలా ఉంది. ఏటీ కీబోర్డు తనకి చెప్పాల్సింది ఉన్నప్పుడు తనే మొదలుపెడుతుంది. క్లాక్ తీగ మీద తాళం తనే వేస్తూ, డేటా తీగ మీద ఒక్కో బైటుకీ పదకొండు బిట్లు పంపుతుంది: మొదలైందని ఒకటి, అసలు సంగతి ఎనిమిది, సరిచూసుకోడానికి ఒకటి, అయిపోయిందని ఒకటి. యూఎస్‌బీలో కీబోర్డు తనంతట తను నోరు విప్పకూడదు. కంప్యూటర్ కొన్ని మిల్లీసెకన్లకోసారి అడుగుతుంది, ఆ క్షణాన ఏయే కీలు నొక్కి ఉన్నాయో అది చెప్పాలి. వీళ్లిద్దరికీ మధ్య తీగ కలిపితే చాలదు, ఇటు విని అటు చెప్పే దుబాసీ ఒకరు కావాలి. అదే కన్వర్టర్.

మార్కెట్లో చవక కన్వర్టర్లున్నాయి. ఒకవైపు యూఎస్‌బీ, రెండోవైపు రెండు పీఎస్/2 సాకెట్లు. ఒకటి తెప్పించాను. ల్యాప్‌టాప్‌లో అక్షరాలు పడ్డాయి, సంతోషమేసింది. అరగంట వేగంగా టైపు చేశాక షిఫ్ట్ ఇరుక్కుపోవడం మొదలైంది. కీ పైకి లేచినా, లేచిందన్న కబురు మధ్యలో ఎక్కడో పోతోంది. ఇంగ్లీషులో అయితే పెద్ద అక్షరాలు పడతాయి, సర్దుకోవచ్చు. నేను తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో షిఫ్ట్ ఇరుక్కుంటే "గది" అని కొట్టినది "ఘధఇ" అవుతుంది! ల్యాప్‌టాప్ నిద్రలోంచి లేచినప్పుడు కీబోర్డు అసలు పలకదు, పీకి మళ్లీ పెట్టాలి. ఇలాంటి చవక కన్వర్టర్లు తర్వాతి కాలపు పీఎస్/2 కీబోర్డులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. పాతవాటితో కొన్ని బాగానే నడుస్తాయి, కొన్ని ఇలా సతాయిస్తాయి. డెడ్‌లైన్ ఉన్న రోజున ఆ టెన్షన్ పడలేక పక్కన పెట్టేశాను.

అప్పుడు సొంతంగా చేసుకోవాలనుకున్నాను. వినడానికి పెద్ద పనిలా ఉంటుంది గానీ కాదు. ప్రో మైక్రో అని వేలెడంత బోర్డు ఉంది. దాని మీది ఏటీమెగా32యూ4 చిప్పు నేరుగా యూఎస్‌బీ కీబోర్డులా నటించగలదు. పైగా అది ఐదు వోల్టుల మీద నడుస్తుంది, పాత కీబోర్డుకి కావాల్సిందీ అదే. 3.3 వోల్టుల మీద నడిచే కొత్త బోర్డులైతే మధ్యలో వోల్టేజీ మార్చే ఇంకో ముక్క పెట్టాలి. అది కాక, ఒక డిన్ సాకెట్, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు, కాసిని తీగలు.

వైరు కోసి నేరుగా బోర్డుకి అతికించేయమని కొందరు చెబుతారు. నాకు ఒప్పలేదు. అంత గట్టి వైరు, ప్లగ్గు చెడగొట్టడం దేనికి? సాకెట్ పెడితే రేపు ఇంకో పాత కీబోర్డు వచ్చినా అదే కన్వర్టర్ పనికొస్తుంది. అలా సాకెట్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను.

"భయ్యా, ఫైవ్ పిన్ డిన్ ఫీమేల్ ఉందా? కీబోర్డుకి."

"క్యాసియోకా, యమహాకా మేడం?"

"మ్యూజిక్‌ది కాదు, కంప్యూటర్ కీబోర్డు."

"కంప్యూటర్‌కి ఇదెందుకు? యూఎస్‌బీ కీబోర్డులు పక్క షాపులో మస్తుగున్నయ్."

అతని అనుమానం సబబే. సంగీత వాయిద్యాలను కలిపే మిడీ కేబుళ్లకీ ఇదే ఐదు పిన్నుల సాకెట్ వాడతారు, అందుకే ఈ సాకెట్ ఇప్పటికీ దొరుకుతోంది. చూసి తీసుకోవాల్సింది ఒకటుంది. పిన్నులు సరిగ్గా సగం వృత్తంలో, 180 డిగ్రీల్లో ఉండాలి. 240 డిగ్రీల రకం కూడా ఉంది, అదీ ఐదు పిన్నులదే, మన ప్లగ్గు అందులో దూరదు. కీబోర్డు ప్లగ్గు బ్యాగులో పెట్టుకుని వెళ్లాను కాబట్టి అక్కడే గుచ్చి చూసి తీసుకున్నాను. షాపతను ఆ ప్లగ్గు చేతిలోకి తీసుకుని, "ఇది చూడక ఎన్నేండ్లయిందో" అంటూ పక్క షాపువాళ్లకి కూడా చూపించాడు.

సోల్డరింగ్‌లో జాగ్రత్త పడాల్సిందంతా పిన్నుల అంకెల దగ్గరే. వరసగా 1, 2, 3, 4, 5 అని ఉండవు. ఒక చివర నుంచి 1, 4, 2, 5, 3 అని ఉంటాయి, నడిమి పిన్ను 2. పైగా సాకెట్‌ను ముందునుంచి చూస్తే ఒక వరస, వెనక సోల్డర్ పెట్టే వైపు నుంచి చూస్తే అద్దంలోలాగా తిరగబడుతుంది. 1 క్లాక్, 2 డేటా, 4 గ్రౌండ్, 5 ఐదు వోల్టులు. 3తో మనకి పనిలేదు. గ్రౌండ్, ఐదు వోల్టులు తారుమారైతే కీబోర్డు లోపలి చిప్పు కాలిపోతుంది, అలాంటి చిప్పు మళ్లీ దొరకదు. అందుకని సాకెట్ మీద గీసి ఉన్న అంకెలను భూతద్దంతో చదివి, తీగలకు వేర్వేరు రంగులు వాడాను. బోర్డులో క్లాక్ తీగ 2 అని రాసిన చోటికి, డేటా 3 అని రాసిన చోటికి, ఐదు వోల్టులది వీసీసీ అని రాసిన చోటికి, గ్రౌండ్ గ్రౌండ్‌కి. క్లాక్‌కీ ఐదు వోల్టులకీ మధ్య ఒక రెసిస్టర్, డేటాకీ ఐదు వోల్టులకీ మధ్య ఇంకొకటి. ఎవరూ మాట్లాడనప్పుడు ఆ రెండు తీగలూ ఐదు వోల్టుల దగ్గరే నిలబడాలి, రెసిస్టర్ల పని అది. చిప్పులోనే అలాంటి ఏర్పాటు ఉంది గానీ బలహీనం, పాత కీబోర్డుల పొడుగాటి స్ప్రింగు వైర్లకి చాలకపోవచ్చు.

కీబోర్డు పెట్టకముందు, బోర్డుకి మాత్రమే కరెంటిచ్చి, సాకెట్‌లో 4కీ 5కీ మధ్య మల్టీమీటర్‌తో చూశాను. ఐదు వోల్టులకి కాస్త తక్కువ చూపించింది, దిశ కూడా సరిగ్గా ఉంది. ఈ కొలత తీసుకోకుండా మాత్రం ప్లగ్గు గుచ్చకండి.

బోర్డు దగ్గర ఇంకో పితలాటకం. నేను కొన్నదానికి సీ-టైప్ సాకెట్ ఉంది, ల్యాప్‌టాప్‌కీ సీ-టైప్ ఉంది, మధ్యలో సీ నుంచి సీ కేబుల్ పెడితే దీపం కూడా వెలగలేదు. బోర్డు చచ్చిందనుకునేలా ఉంది వ్యవహారం. అసలు సంగతేంటంటే, కరెంటు కావాలని అవతలి పోర్టుకి తెలియజేసే 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు సీ-టైప్ సాకెట్ వెనక ఉండాలి. చవక బోర్డుల్లో చాలావాటికి అవి పెట్టరు. మామూలు యూఎస్‌బీ పోర్టు నుంచి సీ-టైప్‌కి వచ్చే కేబుల్ వాడితే ఏ గొడవా లేదు, అక్కడ కరెంటు అడక్కుండానే వస్తుంది.

ప్రోగ్రాం రాయాల్సిన పని లేదు. టీఎంకే అనే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్‌లో (చిప్పు లోపల నడిచే ప్రోగ్రాం) ఐబీఎం పీసీ కీబోర్డుల కోసమే ఒక కన్వర్టర్ ఉంది. ఎక్స్‌టీ, ఏటీ, పీఎస్/2 ఏదైనా అదే కనిపెట్టి సర్దుకుంటుంది. ఏ కీ ఏం చేయాలో బ్రౌజర్‌లోనే మార్చుకుని, బోర్డుకి కావాల్సిన హెక్స్ ఫైల్ దింపుకోవచ్చు. దాన్ని బోర్డులోకి ఎక్కించేటప్పుడు మాత్రం చెయ్యి చురుగ్గా ఉండాలి. ఆర్ఎస్‌టీ (రీసెట్), గ్రౌండ్ పిన్నులను తీగముక్కతో వెంటవెంటనే రెండుసార్లు తాకిస్తే, ఎనిమిది సెకన్లపాటు బోర్డు కొత్త ఫైల్ కోసం ఎదురుచూస్తుంది. ఆలోపు ఎక్కించే బటన్ నొక్కాలి.

ఎక్కింది. కన్వర్టర్‌కి అందే సంకేతాలను తెర మీద చూపించే హెచ్ఐడీ లిజన్ అనే చిన్న ప్రోగ్రాం తెరిచి, కీబోర్డు తగిలించాను. తెర మీద మొదట "ఏఏ" అని పడింది. పరీక్ష పాసయ్యాననే కబురు అది, ఇన్నాళ్లూ లైట్ల మెరుపులో చూసినదే. ఇంగ్లీషు "A" కీ నొక్కితే "1సీ", వదిలితే "ఎఫ్0 1సీ". నొక్కినప్పుడు ఒక సంకేతం, వదిలినప్పుడు దానికి ముందు ఎఫ్0. పాజ్ కీ ఒక్కటే విడ్డూరం. నొక్కగానే ఎనిమిది బైట్ల గొలుసు పంపేస్తుంది, వదిలినప్పుడు ఏమీ చెప్పదు. ఆ సాయంత్రం టైపు చేయాల్సిన పని ఉండి కూడా, ఒక్కో కీ నొక్కి అదేం చెబుతుందో చూస్తూ కూర్చున్నాను.

బాబాయికి ఫోన్ చేస్తే ఆయన మొదటి ప్రశ్న, "అను పనిచేస్తోందా?" ఆయన జీవితమంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో, యాపిల్ అనే తెలుగు లేఅవుట్‌లో కొట్టాడు. నాది యూనికోడ్, ఇన్‌స్క్రిప్ట్. కీబోర్డుకి ఈ తేడాలతో సంబంధం లేదని చెప్పాను. అది పంపేది ఫలానా చోటున్న కీ అనే అంకె మాత్రమే. 1సీ వస్తే ఇంగ్లీషులో "A" వేయాలా, ఇన్‌స్క్రిప్ట్‌లో ఓత్వం వేయాలా, అనులో ఇంకేదైనా వేయాలా అన్నది కంప్యూటర్లో ఉన్న లేఅవుట్ చూసుకుంటుంది. "అయితే నేనొచ్చి కూర్చున్నా కొట్టొచ్చన్నమాట" అన్నాడు.

ఇది 101 కీల కీబోర్డు, విండోస్ కీ లేదు. ఆ కీ విండోస్ 95 కాలంలో వచ్చింది. నాకేమో తెలుగు, ఇంగ్లీషు మార్చుకోవడానికి విండోస్ కీ, స్పేస్ నిమిషానికోసారి కావాలి. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కి మార్చుకునే పద్ధతి ఉంది గానీ నా వేళ్లకి అలవాటు కాలేదు. క్యాప్స్ లాక్‌ను విండోస్ కీగా మార్చేశాను, తెలుగులో దాంతో పనేముంది? కుడి ఆల్ట్ జోలికి వెళ్లలేదు. ఇంగ్లీష్ ఇండియా లేఅవుట్‌లో కుడి ఆల్ట్, 4 కలిపి నొక్కితే రూపాయి గుర్తు పడుతుంది. ఆ గుర్తు పుట్టిందే 2010లో, ఈ కీబోర్డు మీద ఎలా ఉంటుంది? స్క్రోల్ లాక్‌కి సౌండ్ ఆపే పని అప్పగించాను.

ఇవే మార్పులు విండోస్‌లో పవర్‌టాయ్స్ అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాంతోనూ చేసుకోవచ్చు. కానీ అవి ఆ ఒక్క కంప్యూటర్లో, లాగిన్ అయ్యాకే పనిచేస్తాయి. కన్వర్టర్‌లోనే పెడితే ఎక్కడ తగిలించినా వెంటొస్తాయి. ఓటీజీ కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెట్టి చూశాను, క్యాప్స్ లాక్ అక్కడా నేను చెప్పిన పనే చేసింది. వాట్సాప్‌లో మా చెల్లికి పేరాలకి పేరాలు కొట్టి విసిగించాను కూడా.

షిఫ్ట్ ఇరుక్కోవడం పోయింది. ల్యాప్‌టాప్ నిద్ర లేచినా పలుకుతోంది. అయితే కొత్త తంటా ఒకటి బయటపడింది, అదీ తెలుగులో టైపు చేస్తేనే కనిపించేది. "అమ్మ", "పుస్తకం" లాంటి మాటల మధ్య చుక్కల సున్నా ప్రత్యక్షమవుతోంది. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డీ కీ మీద ఉంటుంది, ఒత్తు ఉన్న ప్రతి మాటకీ అది కావాల్సిందే. ఒకసారి నొక్కితే రెండు పొల్లులు పడుతున్నాయి, రెండోది దేనికీ అంటుకోలేక చుక్కల సున్నాతో నిలబడుతోంది. హెచ్ఐడీ లిజన్‌లో చూస్తే ఒక్క నొక్కుడికే "23, ఎఫ్0 23, 23, ఎఫ్0 23". అంటే కీబోర్డే రెండుసార్లు నొక్కారని చెబుతోంది, కన్వర్టర్ దాన్ని ఉన్నదున్నట్టు చేరవేస్తోంది. కన్వర్టర్‌ని ఎంత సవరించినా లాభం లేదు, చూడాల్సింది స్విచ్‌నే.

ఆ వంకతో మొత్తం శుభ్రం చేశాను. ముందు ఫోటో తీసుకుని టోపీలన్నీ ఊడదీశాను. డీటీపీ సెంటరు చరిత్రంతా కిందే ఉంది: రబ్బరు పొడి, స్టేపుల్ పిన్ను, జంతికల ముక్క, చీమలు. టోపీలను గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి, ఫ్యాను కింద రాత్రంతా ఆరబెట్టాను. ఎండలో పెడితే ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. స్పేస్ బార్‌ది మాత్రం లాగేయకూడదు, కింద తీగ కొక్కేలకి తగిలించి ఉంటుంది. మెల్లగా ఒకవైపు నుంచి విడదీయాలి. డీ స్విచ్ నొక్కిపెట్టి, సందులోంచి రెండు చుక్కలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, చెయ్యి నొప్పెట్టేదాకా టకటకలాడించాను. ఆరాక రెండో పొల్లు మాయమైంది.

నంబర్ల వైపున్న ఎంటర్‌కి మాత్రం ఈ వైద్యం పనిచేయలేదు. నాలుగుసార్లు నొక్కితే ఒకసారి పలుకుతుంది. ఆ స్విచ్ పీకి కొత్తది వేయాలి, దానికి సోల్డర్ లాగేసే పంపు కావాలి. స్విచ్ తెప్పించి పెట్టాను, పంపు కోసం మళ్లీ కోఠి వెళ్లాలి. రాత్రి పది దాటాక మాత్రం ల్యాప్‌టాప్ కీలే గతి. పక్క గదిలో పడుకునే మా అత్తగారు ఈ టకటకలు విని, "ఇంకా ఎంతసేపమ్మా ఆ బ్యాంకు?" అంటోంది.